పాలిమర్ క్లే పూసలు గుచ్చేటప్పుడు పెచ్చులూడుతున్నాయి, ఎక్కడ తేడా కొడుతోంది?

రాజోలు_పూసలు:

అందరికీ నమస్కారం అండి. మాది రాజోలు దగ్గర పల్లెటూరు. ఇంట్లోనే పాలిమర్ క్లేతో (ఓవెన్లో కాలిస్తే గట్టిపడే ప్లాస్టిక్ ముద్ద) పూసలు చేసి దండలు, బుట్టలు గుచ్చుతుంటాను. ఇప్పటిదాకా చుట్టాలకీ పక్కింటివాళ్ళకీ ఇచ్చినవే తప్ప అమ్మింది లేదు. ఇప్పుడు మా పెదనాన్నగారి అమ్మాయి పెళ్ళి శ్రావణంలో పెట్టుకున్నారు. ఆడవాళ్ళందరం ఉప్పాడ చీరలు కట్టుకుంటున్నాం కాబట్టి ఎవరి చీర అంచుకి తగ్గట్టు వాళ్ళకి దండ నువ్వే చెయ్యి అని నా నెత్తిన పెట్టారు. సరే అన్నాక టెన్షన్ మొదలైంది.

సంగతేంటంటే, పూసలు చూడ్డానికి బాగానే వస్తున్నాయి గానీ గుచ్చేటప్పుడు బెజ్జం దగ్గర పెచ్చు ఊడుతోంది. కొన్నయితే గచ్చు మీద పడితే రెండు చెక్కలవుతున్నాయి. అదే ట్రేలో పెట్టిన తెల్ల పూసలేమో పైన గోధుమరంగుకి తిరిగాయి. మరి వేడి ఎక్కువైందనుకోవాలా, చాల్లేదనుకోవాలా? మాది చిన్న ఓటీజీ, అదే కరెంటు ఓవెన్. 130 మీద పెట్టి 20 నిమిషాలు ఉంచుతున్నాను, వాసన వస్తోందని అంతకంటే ఉంచట్లేదు. మా వైపు సాయంత్రం పూట వోల్టేజీ బాగా పడిపోతుంది, దానివల్ల ఏమైనానా?

ఇంకోటి. మెరుపు కోసం రంగులేని నెయిల్ పాలిష్ వేశాను. మొదట్లో బాగా మెరిశాయి, నెల తిరక్కుండానే చేతికి జిగురుగా అంటుకుంటున్నాయి. దారం సంగతి కూడా చెప్పండి, నైలాన్ దారం బెజ్జం అంచుకి ఒరుసుకుని తెగిపోతోంది. ఇదంతా చూసి కాల్చకుండా గాలికే ఆరి గట్టిపడే ఎయిర్ డ్రై క్లేకి మారిపో అని ఒకావిడ సలహా ఇచ్చారు, అదీ ఆలోచిస్తున్నాను.

ఓటీజీ_బాబాయ్:

నేను పూసలు చేసేవాణ్ణి కాదమ్మా, మా ఆవిడ చేస్తుంది. నాది భీమవరంలో ఎలక్ట్రికల్ పని. అందుకని కరెంటు ముక్క వరకే చెప్తాను, మిగతాది తెలిసినవాళ్ళు చెప్తారు.

వోల్టేజీ పడితే ఓవెన్ వేడెక్కదు అనేది సగమే నిజం. 230 రావాల్సిన చోట 180 వస్తే ఓవెన్ని వేడెక్కించే రాడ్ ఇచ్చే శక్తి 61 శాతానికి పడిపోతుంది, అంటే 800 వాట్లని రాసి ఉన్న ఓటీజీ మీ ఇంట్లో సాయంత్రం పూట 490 వాట్లతో పనిచేస్తోందన్నమాట. కానీ లోపల థర్మోస్టాట్ ఉంటుంది కదా, అనుకున్న వేడి వచ్చేదాకా అది రాడ్‌ని ఆపదు. కాబట్టి వేడి అందుకుంటుంది, కాకపోతే బాగా ఆలస్యంగా. మీరు చల్లటి ఓవెన్లో ట్రే పెట్టేసి అప్పట్నించే 20 నిమిషాలు లెక్కపెడుతుంటే అందులో పెద్ద భాగం ఓవెన్ వేడెక్కడానికే సరిపోతోంది. పొద్దున్న వోల్టేజీ బాగున్నప్పుడు పెట్టుకోండి, ముందు ఖాళీ ఓవెన్ని ఒక 20 నిమిషాలు వేడెక్కనిచ్చి ఆ తర్వాతే ట్రే తొయ్యండి.

అసలు ఆ బొత్తాం మీద రాసున్న 130ని నమ్మకండి. చిన్న ఓటీజీల్లో అంకెకీ లోపలి వేడికీ 20, 30 డిగ్రీలు తేడా ఉండటం మామూలే. ఓవెన్లో పెట్టుకునే థర్మామీటర్ అని విడిగా దొరుకుతుంది, చిన్న గుండ్రటి డయల్‌ది, బ్యాటరీ కూడా అక్కర్లేదు. పూసలు ఎక్కడ పెడతారో సరిగ్గా ఆ ఎత్తులో పెట్టి చూడండి.

తెల్లవి మాడటానికీ మిగతావి పచ్చిగా ఉండటానికీ కారణం ఒకటే అయ్యుండొచ్చు. రాడ్‌కి ఎదురుగా ఉన్న పైభాగానికి సెగ నేరుగా తగులుతుంది, పూస లోపలికి మాత్రం వేడి ఇంకా చేరి ఉండదు. రంగువాటిలో మాడింది కనపడదు, తెల్లవాటిలో కనపడింది, అంతే.

మట్టిచేతులు:

బాబాయ్ గారు చెప్పింది నూటికి నూరుపాళ్ళూ. మాది అమలాపురం, నేనూ ఓటీజీతోనే చేస్తాను.

పెచ్చులూడటం అంటే క్లే లోపల ఉడకలేదు అనే. పాలిమర్ క్లే మట్టి కాదు కదా, అది పీవీసీ ప్లాస్టిక్ పొడి. దాన్ని మెత్తగా ఉంచడానికి నూనెలాంటి ప్లాస్టిసైజర్ కలుపుతారు. సరైన వేడి తగిలితేనే ఆ రేణువులు ఉబ్బి ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి గట్టి ముక్క అవుతుంది. వేడి చాలకపోతే పైకి గట్టిపడ్డట్టే ఉంటుంది గానీ రేణువులు విడివిడిగానే ఉంటాయి, సూది తగలగానే పొడిపొడిగా రాలతాయి. ప్యాకెట్ మీద ఏముందో చూడండి, అన్నీ ఒకటి కాదు. ఫిమో కంపెనీది అయితే 110 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు, స్కల్పీ ప్రీమో అయితే 130 దగ్గర ప్రతి 6 మిల్లీమీటర్ల మందానికీ 30 నిమిషాలు. 12 మిల్లీమీటర్ల గుండ్రటి పూసకి మీ 20 నిమిషాలు ఏ మూలకీ చాలవు. నేనైతే ఏ పూసకైనా 45 నిమిషాలకి తక్కువ ఉంచను. వేడి హద్దులో ఉన్నంతవరకు ఎక్కువసేపు ఉంచితే నష్టం లేదు, బలం పెరుగుతుంది. హద్దు దాటిన వేడే ప్రమాదం. మాడితే హైడ్రోజన్ క్లోరైడ్ అనే ఘాటు వాయువు వస్తుంది, కళ్ళూ గొంతూ మండుతాయి. అలా జరిగితే వెంటనే ఆపేసి, కిటికీలు తెరిచి, పిల్లల్ని బయటికి పంపెయ్యండి. మామూలుగా కాల్చేటప్పుడు వచ్చే కాస్త ప్లాస్టిక్ వాసనకి కంగారు పడక్కర్లేదు, కిటికీ తీసి ఉంచితే చాలు.

మీకు మంచి కబురేంటంటే, పచ్చిగా ఉన్న పూసల్ని మళ్ళీ కాల్చుకోవచ్చు. ఒకసారి కాకపోతే ఇంకోసారి, ఎన్నిసార్లయినా. పెచ్చు ఊడనివన్నీ ఏరి సరైన వేడిలో మళ్ళీ పెట్టండి, నెయిల్ పాలిష్ వేసినవి తప్ప. ముందు పరీక్షగా అదే క్లేతో అట్టముక్కంత పల్చటి పట్టీ ఒకటి కాల్చి, పూర్తిగా చల్లారాక వంచి చూడండి. వంగి వెనక్కి వస్తే ఉడికినట్టు. టక్కున విరిగితే ఓవెన్‌ది తప్పు, మీ చేతిది కాదు. వేడిమీద వంచకండి, అప్పుడు ఎలాగూ మెత్తగానే ఉంటుంది. చౌక రకం క్లే కొన్ని ఎంత కాల్చినా పెళుసుగానే ఉంటాయి, పెళ్ళి సరుకుకి అవి వాడకండి.

మాడకుండా ఉండాలంటే పైన రాడ్ ఆపేసి కింద రాడ్ మాత్రమే పెట్టుకోండి. ఇల్లు కట్టగా మిగిలిన టైల్ ముక్క ఒకటి మధ్య అరలో పెట్టి దాని మీద పూసలు, పైన అల్యూమినియం ఫాయిల్ గుడారంలా కప్పండి. టైల్ వేడిని పట్టి ఉంచుతుంది కాబట్టి రాడ్ ఆగినా వెలిగినా హెచ్చుతగ్గులు అంతగా తెలియవు. గుండ్రటి పూసలు టైల్‌కి తగిలిన చోట చదునై మెరుపు మచ్చ పడుతుంది, అందుకని పళ్ళెంలో కార్న్‌ఫ్లోర్ పరిచి అందులో పెడతారు. నాకు మాత్రం సైకిల్ పుల్లలే ఇష్టం. సైకిల్ షాపులో పాత పుల్లలు అడిగితే ఊరికే ఇస్తారు. వాటికి పూసలు ఎక్కించి, రేకు డబ్బా అంచుల మీద అడ్డంగా పెట్టి కాలిస్తే ఎక్కడా మచ్చ ఉండదు.

బెజ్జం గురించి. చేసిన వెంటనే మెత్తటి పూసకి సూది గుచ్చితే పూస నొక్కుకుపోతుంది, అవతలి వైపు అంచు పగిలి పైకి లేస్తుంది. మీ నైలాన్ దారం కోసుకుపోయేది ఆ అంచుకే. పూసలు ఉండలు చేశాక ఫ్రిజ్‌లో ఒక పది నిమిషాలు పెట్టండి, మన ఎండల్లో ఇది తప్పదు. తర్వాత కొబ్బరి ఈనెపుల్ల సన్నగా చెక్కి, ఒత్తకుండా తిప్పుతూ లోపలికి దించండి, అవతల మొన కనపడగానే ఆపి వెనక్కి తీసి రెండో వైపు నుంచి దించండి. అప్పుడు రెండు అంచులూ లోపలికే ఒదుగుతాయి. బెజ్జం కాల్చకముందే పెట్టుకోవాలి. కాల్చాక డ్రిల్లుతో పెట్టేవాళ్ళూ ఉన్నారు, గుండ్రటి పూసని కదలకుండా పట్టుకోవడం నా వల్ల కాదు.

నెయిల్ పాలిష్ మాత్రం జన్మలో వెయ్యకండి. అందులో ఉండే ద్రావకం క్లేలోని ప్లాస్టిసైజర్‌తో కలిసి పైపొరని కరిగిస్తుంది, ఎన్నాళ్ళైనా ఆరదు. డబ్బాలో వచ్చే స్ప్రే పెయింట్ కూడా అంతే. అసలు మెరుపుకి వార్నిషే అక్కర్లేదు, నీళ్ళలో రుద్దే నల్ల ఎమరీ పేపర్ 400, 600, 1000, 2000 నంబర్లు వరసగా తీసుకుని, గిన్నెలో నీళ్ళు పోసుకుని ఆ నీళ్ళలోనే రుద్దండి. పొడి గాల్లోకి లేవదు, ముక్కులోకి పోదు. తర్వాత పాత జీన్స్ గుడ్డతో గట్టిగా తుడిస్తే వచ్చే నిగనిగ ఏ వార్నిష్‌కీ రాదు. గోల్డ్ పౌడర్ అద్దిన పూసలకి మాత్రం రుద్దితే పౌడర్ పోతుంది కాబట్టి నీళ్ళలో కలిసే (వాటర్ బేస్డ్) వార్నిష్ పల్చగా ఒక పూత వేసుకోండి.

ఎయిర్ డ్రై క్లే జోలికి పోకండి. గోడకి తగిలించే బొమ్మలకి పర్లేదు. మన కోనసీమలో వానాకాలం గోడలే చెమ్మ పీలుస్తుంటాయి, శ్రావణ మాసం పెళ్ళిలో మెడ చెమటకి ఆ పూసలు మెత్తబడకుండా ఉంటాయా?

తణుకు_తమ్ముడు:

ఓవెన్ ఎందుకండీ, మా అక్క ప్రెషర్ కుక్కర్లో ఇసక పోసి చేస్తుంది. వీడియోల్లో కూడా చూపిస్తున్నారు. నీళ్ళలో మరిగించినా గట్టిపడతాయి.

మట్టిచేతులు:

తమ్ముడూ, నీళ్ళు మరిగేది 100 డిగ్రీల దగ్గర, క్లేకి కావాల్సింది 110 నుంచి 130. మరిగిస్తే గట్టిపడినట్టు కనిపిస్తాయి, వాటినే నెల తర్వాత గుచ్చితే ఇక్కడికి వచ్చి రాజోలు అక్క అడిగిన ప్రశ్నే అడుగుతారు. ఇసక కుక్కర్లో వేడి ఎంతుందో చూసుకునే దారి లేదు, అడుగున 200 దాటినా తెలియదు. అన్నం వండుకునే కుక్కర్లో పీవీసీ కాల్చడం అసలే వద్దు. మైక్రోవేవ్ కూడా వద్దు, ఎవరైనా అడిగేలోపే చెప్పేస్తున్నాను.

ఓటీజీ_బాబాయ్:

కుక్కర్లో నీళ్ళు పోసి విజిల్ పెడితే లోపల ఆవిరి 120 దాకా వెళ్తుంది, ఆ లెక్కన వేడి సరిపోతుంది తమ్ముడూ. మా ఆవిడ చేసి చూసింది కూడా. ఆవిరి చెమ్మ పట్టి పూసల మీద తెల్లటి మరకలు పడ్డాయి. ఆ తర్వాత కుక్కర్ కడిగింది మాత్రం నేనే, కాబట్టి నా ఓటు ఓటీజీకి. దాన్నీ పూసలకే కేటాయించండి, అందులో మళ్ళీ కేకులు చెయ్యొద్దు.

రాజోలు_పూసలు:

అక్కా, బాబాయ్ గారూ, థర్మామీటర్ తెప్పించాను. బొత్తాం 130 మీద ఉంటే మధ్య అరలో 105 చూపిస్తోంది, పై రాడ్ దగ్గరికి జరిపితే 150 దాటేస్తోంది! ఇప్పుడు బొత్తాం ఇంకాస్త తిప్పి, మీరన్నట్టు టైల్, ఫాయిల్ పెట్టి చేస్తే పట్టీ ముక్క వేలికి చుట్టుకున్నా విరగట్లేదు. పాత పూసలు కూడా మళ్ళీ కాల్చాను, బాగానే బిగిశాయి.

ఇంకో రెండు డౌట్లు. తెల్ల క్లేలో సన్నటి నూగు, వెంట్రుకలు వచ్చేస్తున్నాయి, ఏం చెయ్యాలి? చీరకి రంగు కలిపినప్పుడు బాగానే కుదురుతోంది, కాల్చాక ఒక ఛాయ ముదురుతోంది. గుచ్చడం గురించి కూడా ఎవరైనా చెప్పండి.

మట్టిచేతులు:

నూగంతా ఫ్యాను నుంచీ నూలు బట్టల నుంచీ వచ్చేదే. తెల్ల క్లే పిసికేటప్పుడు ఫ్యాను ఆపాల్సిందే, చెమట పట్టినా సరే. చేతులు పిల్లల వెట్ వైప్స్‌తో తుడుచుకోండి, తెల్లవి ముందు, ఎరుపు అన్నిటికంటే చివర. ఎరుపు గోళ్ళ సందుల్లో దాక్కుని రెండ్రోజుల తర్వాత కూడా బయటికొస్తుంది.

రంగు ముదరడం సహజం, ట్రాన్స్‌లూసెంట్ (వెలుగు కాస్త లోపలికి దిగే) క్లే కలిపిన రంగులైతే ఇంకా ఎక్కువ. కలిపిన ప్రతి రంగులోంచీ శనగగింజంత తీసి కాల్చి చూసుకున్నాకే మొత్తం చెయ్యండి, దాన్ని చీర మీద పెట్టి పగటి వెలుగులో చూడండి. ట్యూబులైటు కింద ఉప్పాడ జరీ ఒకలా ఉంటుంది, పందిట్లో ఒకలా ఉంటుంది. ఏ రంగు ఎంత కలిపారో గ్రాముల్లో రాసుకోండి, సగంలో క్లే అయిపోతే అదే ఛాయ మళ్ళీ రావాలిగా. బంగారం తూచే చిన్న డిజిటల్ కాటా ఉంటే పూసల సైజు కూడా తేలిక. 57 గ్రాముల బ్లాకులోంచి ఒకటిన్నర గ్రాముల చొప్పున 38 ముక్కలొస్తాయి, అన్నీ ఒకే సైజు.

లేసుదారం:

నర్సాపురం నుంచి. మా ఇంట్లో మూడు తరాలుగా లేసు అల్లకమే, నేను దానికి పూసలు కలిపాను. గుచ్చే సంగతి నేను చెప్తాను.

పెద్ద క్లే పూసలకి నైలాన్ దారం వద్దు, గేర్ వైర్ వాడండి. సన్నటి స్టీలు తీగల మీద ప్లాస్టిక్ తొడుగు ఉంటుంది, ఫ్యాన్సీ సరుకు అమ్మే కొట్లో గేర్ వైర్, గేర్ లాక్ అంటే ఇస్తారు. దీనికి ముడి నిలవదు. చివర్న గేర్ లాక్ (నొక్కితే వైరుని పట్టేసే చిన్న లోహపు పూస) ఎక్కించి, వైరుని రింగులోంచి తిప్పి మళ్ళీ అదే లాక్‌లోంచి వెనక్కి తెచ్చి ప్లయర్‌తో నొక్కెయ్యాలి. తోకని కత్తిరించకుండా రెండు మూడు పూసల్లోంచి వెనక్కి పోనిచ్చి అప్పుడు కత్తిరించండి, లేకపోతే మెడకి గుచ్చుకుంటుంది. అందరూ చేసే పొరపాటు పూసల్ని ఒకదానికొకటి బిగించి గుచ్చడం. టేబుల్ మీద బాగుంటుంది, మెడలో వేసేసరికి దండ వంగక కోణాలు కోణాలుగా నిలబడుతుంది. మొత్తం మీద రెండు మూడు మిల్లీమీటర్ల వదులు ఉంచండి, పెద్ద పూసల మధ్య చిన్న గాజు పూసో, బంగారు రంగు క్యాపో వెయ్యండి. ఆ సన్నటి గుండ్లూ క్యాపులూ చిలకలపూడి రోల్డ్ గోల్డ్‌వి తీసుకుంటే చవకబారు గిల్టులా త్వరగా నల్లబడవు.

కొలత తలనొప్పి కూడా చెప్తాను. ఒక్కొక్కరి మెడ ఒక్కోలా ఉంటుంది, అంతమందివీ టేపు పెట్టి కొలవలేరు. ముందు భాగం 10, 12 అంగుళాలు పూసలు గుచ్చి వెనక బ్యాక్ దోరీ కట్టండి, ఎవరికి కావాల్సిన ఎత్తులో వాళ్ళు లాక్కుంటారు. క్లే తేలికే గానీ పెద్ద పూసలు వరసగా పడితే బరువు తెలుస్తుంది, బుట్టలకైతే లోపల ఫాయిల్ ఉండ పెట్టి పైన క్లే చుట్టండి. చెవి కొక్కేలు స్టెయిన్‌లెస్ స్టీలువి తీసుకోండి. నికెల్ పూతవి చెమటకి దురద పెడతాయి, పెళ్ళిలో పిన్ని చెవి వాస్తే ఆ మాట మీకే పదేళ్ళు చెప్తారు.

డబ్బుల సంగతి ఎవరూ అడగలేదు, అయినా అడుగుతున్నాను. చుట్టాలే కదా అని ఊరికే చేస్తున్నారా? మా నర్సాపురం లేసుకి 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది, విదేశాలకి వెళ్తుంది, అల్లే ఆడవాళ్ళకి మాత్రం ముక్కకి ఇంత అని చేతిలో పెట్టేది చూస్తే ఏడుపొస్తుంది. అల్లిక గంటలు ఎవరూ లెక్కగట్టకపోవడమే దానికి మొదలు. మీరు ఒక దండకి పిసకడం, కాల్చడం, రుద్దడం, గుచ్చడం ఎన్ని గంటలో రాసుకోండి. పెళ్ళికూతురికి కానుకగా ఇవ్వండి, బాగుంటుంది. మిగతా వాళ్ళ దగ్గర కనీసం సరుకు డబ్బులు ముందే తీసుకోండి.

తణుకు_తమ్ముడు:

ఇవి తీర్థాల్లో పెడితే పోతాయా? కనుమకి జగ్గన్నతోట ప్రభల తీర్థంలో జనం బాగా వస్తారుగా.

లేసుదారం:

జనం వస్తారు బాబూ, కానీ పక్క దుకాణంలో ప్లాస్టిక్ దండ చవగ్గా దొరుకుతుంటే చేత్తో చేసిందానికి ఆ రేటు ఎవరిస్తారు? చీర ఫోటో పంపి దానికి తగ్గట్టు చేయించుకునేవాళ్ళే దీనికి గిరాకీ. బండారులంక, ఉప్పాడ చీరలు అమ్మేవాళ్ళతో మాట్లాడుకుంటే నయం.

రాజోలు_పూసలు:

డబ్బుల మాట అమ్మతో చెప్పించాను అండి, నేను అడగలేను. పిన్నులిద్దరు అప్పుడే ఫోన్‌పే చేసేశారు, పెద్దత్తయ్య మాత్రం పెళ్ళయ్యాక చూద్దాం అన్నారు. గేర్ లాక్ నొక్కితే పగిలిపోతోంది, నా ప్లయర్ మామూలు వైరింగ్ ప్లయర్, దానివల్లా?

లేసుదారం:

దానివల్లే. వైరింగ్ ప్లయర్‌కి లోపల గాట్లుంటాయి, లాక్‌ని కొరికేస్తుంది. నగల పనికి వాడే నున్నటి మూతి ప్లయర్ తీసుకోండి. గట్టిగా ఒక్కసారి కాదు, మెల్లగా చదును అయ్యేవరకు నొక్కి, ఒకసారి లాగి చూసుకోండి. పెద్దత్తయ్య దండ అన్నిటికంటే చివర గుచ్చండి.